వేలు లేవకముందే

మార్చి 4

డైరీ పాతది. పైపుల కంపెనీవాళ్ళు ఎప్పుడో పంచిపెట్టింది. వారాలు కలవవు. ఇందులో చూస్తే ఇవాళ ఆదివారం, బయట చూస్తే గురువారం. డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. "ఎవరికీ చూపించక్కర్లేదు, నాక్కూడా" అంది. అలా అన్నవాళ్ళే తర్వాత నెమ్మదిగా అడుగుతారు. అందుకే దీన్ని బట్టల పెట్టె అడుగున పెడతాను.

జరిగింది ముందు ఒకసారి వరసగా రాయమంది. సరే.

ఫిబ్రవరి పంతొమ్మిది, ఉదయం పదీ ఇరవై. నేను క్రేన్ క్యాబిన్‌లో ఉన్నాను, నేలకి నాలుగంతస్తుల ఎత్తున. కింద బావ, అంటే మా అక్క భర్త. నాకు సిగ్నల్ ఇచ్చేది ఆయనే. హుక్కుకి పదహారు ఇనుప పైపుల కట్ట తగిలించి ఉంది. పక్కనే ఈలగాడు కట్టకి వేసిన వైరు సర్దుతున్నాడు. కట్టలకి వైర్లు వేసి హుక్కుకి తగిలించడం అతని పని. ఎప్పుడు చూసినా ఈల వేస్తుంటాడు కాబట్టి యార్డులో అందరికీ ఈలగాడే. బావ చెయ్యి లేచింది. చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పాడు. అది ఎత్తమనే సైగ. ఎత్తాను. ఈలగాడు ఇంకా పక్కకి రాలేదు. కట్ట ఒరిగి ఊగింది. వెనక పైపుల దొంతర ఉంది. మధ్యలో ఈలగాడు.

నేను చూసింది ఇదే. విచారణవాళ్ళకి ఇదే చెప్పి సంతకం పెట్టాను.

మార్చి 5

బావ చెయ్యి లేచింది. నేను చూశాను.

మార్చి 7

బస్సులో నా ముందు నిలబడ్డ ముసలాయన పైనున్న కడ్డీ పట్టుకోవడానికి చెయ్యెత్తాడు. అంతే, నా కుడిచెయ్యి ఒళ్ళో ఉన్న సంచీని పట్టుకుని వెనక్కి లాగేసింది. క్యాబిన్‌లో లివర్ వెనక్కి లాగితే లోడు పైకి లేస్తుంది. ఇక్కడ సంచీలో గుడ్లున్నాయి. ముసలాయన ప్యాంటు పాడైంది. పాపం ఆయనే నాకు సారీ చెప్పాడు.

దిగి నడుచుకుంటూ వస్తుంటే స్కూలు. కిటికీలోంచి క్లాసు కనిపిస్తోంది. టీచరమ్మ ఏదో అడిగింది, ఒక్కసారిగా ముప్ఫై చేతులు లేచాయి. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. జేబులో నా చెయ్యి గట్టున పడ్డ చేపలా కొట్టుకుంటోంది. వాచ్‌మన్ వచ్చి "ఎవరు కావాలండీ?" అన్నాడు. ఎవరూ వద్దని చెప్పాను.

డాక్టరమ్మ దగ్గరికి నన్ను కంపెనీ పంపింది ఇందుకే. నాకేమీ లేదు, నిద్ర చాలక.

మార్చి 9

ఇవాళ కింద ఇంట్లోకి వెళ్ళాను. నాది మేడ మీది గది, అక్కా బావా కింద ఉంటారు. మధ్యలో పన్నెండు మెట్లు. ఇన్నాళ్ళూ అవి దిగి నేరుగా వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

బావ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటున్నాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు.

"ఏంటి బావా, చెయ్యి తిమ్మిరెక్కదా?" అన్నాను. సరదాగా ఉంటుందనుకున్నాను.

"ఎక్కనీ. దాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోందిరా."

అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళింది. "గడ్డం నేనే గీస్తున్నా. చొక్కా గుండీలు నేనే పెడుతున్నా. ఆ చెయ్యి బయటికి తియ్యరు. ఇరవై ఎనిమిదిన విచారణ. ఈయన తప్పని తేలితే సిగ్నల్ ఇచ్చే కార్డు పోతుంది, పైగా కేసు. ఒకవేళ జైలంటే ఈ మనిషి బతకడురా. నువ్వు పైనుంచి చూశావు కదా, ఇంకేమైనా కనిపించిందేమో కాస్త గుర్తు తెచ్చుకో."

"చూసిందే చెప్పానక్కా."

"నువ్వు అబద్ధం చెప్పావని నేననట్లేదు."

"మరి?"

"ఏమో" అని స్టవ్వు వైపు తిరిగింది. టీ ఇచ్చింది. సగం తాగి పైకి వచ్చేశాను.

మార్చి 12

డాక్టరమ్మ నా ముంజేతికి రెండు వైర్లు అంటించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఉత్త చేతులు. మొహాలు లేవు. ఒక చెయ్యి కప్పు అందుకుంటుంది, ఒకటి తలుపు తీస్తుంది, ఒకటి వేలెత్తి తిప్పుతుంది. నన్ను కదలకుండా చూస్తూ ఉండమంది. పక్క తెర మీద ఒక గీత. మన కండరం ఏ మాత్రం బిగిసినా అది లేస్తుందట.

"మీకు బాగా చేతనైన పనిని ఇంకొకరు చేస్తుంటే మీ మెదడు ఊరికే చూస్తూ కూర్చోదు" అంది. "లోపల తనూ ఆ పని మొదలుపెడుతుంది. అది చేతుల దాకా పోకుండా పట్టి ఆపేది కూడా మెదడే. అందుకే మనం ఆటలు చూస్తూ కూడా కుర్చీలోనే ఉండగలుగుతాం."

"నాలో ఆ ఆపేది చెడిపోయిందా అండీ?"

"చెడిపోలేదు. మీ పనిలో మీరు ఆపకుండా ఉండటం నేర్చుకున్నారు. ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

తర్వాత గీత చూపించింది. సిగ్నల్ చెయ్యి వచ్చినప్పుడల్లా నా గీత గోడెక్కుతోంది. పెన్నుతో చూపిస్తూ, "ఇక్కడ చూడండి. మీ గీత లేచేసరికి తెర మీది వేలు ఇంకా లేవలేదు. మోచెయ్యి కదిలిందంతే" అంది.

మిషను తేడాగా ఉందేమో అన్నాను.

"మిషనుకి మీ మీద పగేం లేదండీ" అని నవ్వింది.

ఈ కాగితాలు విచారణకి వెళ్తాయా అని అడిగాను. మీరు ఒప్పుకుంటే తప్ప వెళ్ళవంది. నేను ఊరికే అడిగానన్నాను. నిజంగా ఊరికే అడిగాను.

మార్చి 13

వేలు చూశాను. గ్లవ్ వేసుకున్న వేలు.

మార్చి 15

సెలవు కాగితాల కోసం యార్డుకి వెళ్తే గేటు దగ్గర ఈలగాడి భార్య ఉంది. అతని పెట్టె, బూట్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది.

"అన్నా, మీరు పైనుంచి చూశారంట కదా. చివర్లో ఆయన ఏం చేశాడు?"

"ఏమీ లేదమ్మా. క్షణంలో అయిపోయింది. తెలియను కూడా తెలిసుండదు" అన్నాను. ఇలా అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని పెట్టుకున్న మాటలే.

నోరు ఆ మాటలు అంటూనే ఉంది. నా రెండు చేతులూ మాత్రం ఛాతీ దాకా లేచి, అరచేతులు ముందుకి పెట్టి తోస్తున్నాయి. ఈలగాడు అలాగే తోశాడు. రెండు టన్నుల కట్టని. నేను దించుదామన్నా చేతులు దిగడంలేదు. ఆమె చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా మణికట్లు పట్టుకుని తనే మెల్లగా కిందికి దించింది.

"తెలిసిందన్నమాట" అంది.

నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"మీ బావతో చెప్పండి. ఈ జన్మకి క్షమించనని చెప్పండి."

చెప్పలేదు. నిజానికి ఆ మాట ఎవరికి చెందాలో కూడా ఆమెకి చెప్పలేదు. ఈ వాక్యం ఎందుకు రాశానో తెలియదు. కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది, ఉండనీ.

మార్చి 17

యార్డులో మిగతా జోడీలు పూటకి ముప్ఫై లోడ్లు ఎత్తితే మేం నలభై నాలుగు ఎత్తేవాళ్ళం. మేనేజరు కొత్తవాళ్ళని తీసుకొచ్చి మమ్మల్ని చూపించేవాడు. వాకీటాకీ ఇచ్చారు. బావకి నచ్చదు. "నోటితో చెప్పి, చెవితో విని, అప్పుడు చేతితో చేసేసరికి భోజనాల వేళవుతుంది" అనేవాడు.

నేను చేరిన కొత్తలో వేలు కోసం చూసేవాణ్ణి. వేలు లేచాక లివర్ లాగేవాణ్ణి. బావకి చిరాకు. ఒకరోజు టీ దగ్గర చెప్పాడు: "వేలు లోకం కోసంరా. నువ్వు భుజం చూడు. భుజం కదిలితే చెయ్యి ఎటు పోతుందో నీకు తెలిసిపోవాలి." ఆరు నెలల్లో నాకు తెలిసిపోయేది. ఏడాదికల్లా తెలియడం కూడా మానేసింది, చేతులే చేసేసేవి. పైనుంచి చూస్తే బావ భుజం నా భుజంలోనే కదిలినట్టుండేది. అంత సుఖం నాకు ఇంకెందులోనూ లేదు. ఒక మనిషితో ఒక్క మాట లేకుండా రోజంతా కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో పెళ్ళయినవాళ్ళకి కూడా తెలియదు.

రూలు పుస్తకంలో సైగ పూర్తయ్యాకే లాగాలని ఉంది. రూలు పుస్తకం రాసినవాడు నలభై నాలుగు ఎత్తలేదు.

మార్చి 18

ఆ రోజుకి బావ హెల్మెట్ పట్టీ తెగి రెండు వారాలైంది. కొత్తది అడిగితే స్టోరువాళ్ళు రేపన్నారు.

మార్చి 19

నిన్న రాసినదానికీ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదు. ఊరికే గుర్తొచ్చి రాశాను.

మార్చి 20

మళ్ళీ వైర్లు. ఈసారి కొత్త వీడియోలు కలిపింది. ఒకాయన తల గోక్కుంటాడు. ఒకాయన టోపీ సర్దుకుంటాడు. ఒకాయన ఆవలింత వచ్చి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటాడు.

గీత అన్నిటికీ లేచింది. తల గోక్కోవడానికీ లేచింది, టోపీకీ లేచింది. చెయ్యి చెవి దాటాక, ఇది సిగ్నల్ కాదని అర్థమయ్యాక, అప్పుడు పడిపోయింది.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. నా వేళ్ళు కూడా పెట్టాయి, తీశాయి, పెట్టాయి.

"మీరు ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?" అంది.

బస్సుకి టైమైందన్నాను.

మార్చి 22

ఇవాళ యార్డులో జరిగింది జరిగినట్టు చేసి చూపించమన్నారు. కరెంటు తీసేశారు కాబట్టి హుక్కు కదలదు. నేను క్యాబిన్‌లో కూర్చున్నాను. నా వెనక విచారణ అధికారి నిలబడ్డాడు. ఎక్కేసరికి ఆయనకి ఆయాసం, కళ్ళజోడు తుడుచుకోవడంతోనే సరిపోయింది. కింద బావ. ఈలగాడి చోట ఒక ఖాళీ డ్రమ్ము పెట్టారు.

అధికారి మైకులో "ఆ రోజు ఏం చేశారో అదే చేయండి" అన్నాడు.

బావ నెల తర్వాత ఆ చెయ్యి ఎత్తాడు. భుజం కదిలింది. నా చెయ్యి లివర్‌ని వెనక్కి లాగేసింది. ఆ తర్వాత, చాలా తర్వాత, వేలు లేచి గుండ్రంగా తిరిగింది.

"వేలు ఇక్కడికి స్పష్టంగానే కనిపిస్తోందే" అన్నాడు అధికారి.

"కనిపిస్తోందండీ."

"ఆ రోజూ ఇలాగే కనిపించిందా?"

"ఇలాగేనండీ."

రాసుకున్నాడు. లివర్ వైపు చూడనే లేదు. ఆయన చూసుంటే ఇవాళతో అయిపోయేది. ఆయన చూడలేదని నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కిందికి చూస్తే, బావ ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని డ్రమ్ము ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

మార్చి 23

వేలు లేదు.

వరసగా రాస్తాను. బావ ఈలగాడితో ఏదో చెప్తూ వంగాడు. హెల్మెట్ కళ్ళ మీదికి జారింది. పైకి తోసుకోవడానికి చెయ్యెత్తాడు. భుజం కదిలింది, మోచెయ్యి లేచింది, నేను లాగేశాను. ఆ తర్వాతే ఆయన చెయ్యి హెల్మెట్‌కి తగలడం చూశాను. చూశాను. హెల్మెట్‌కి తగలడం, బావ తలెత్తి నా వైపు నోరు తెరవడం, ఈలగాడి అరచేతులు, అన్నీ చూశాను. ఆపడానికి నాకు రెండో చెయ్యి ఉంది, పక్కనే ఎమర్జెన్సీ మీట ఉంది. కానీ నా రెండు చేతులూ అప్పటికి ఈలగాడి చేతులైపోయి అద్దాన్ని తోస్తున్నాయి.

రెండు గంటల తర్వాత అడిగారు. సిగ్నల్ ఇచ్చాడా? ఇచ్చాడన్నాను. అంటున్నప్పుడు నాకు నిజంగా వేలు కనిపించింది. పన్నెండేళ్ళుగా చూసిన వేళ్ళలో ఏదో ఒకటి వచ్చి అక్కడ నిలబడింది. ఇదీ సగం అబద్ధమే. మూడో రోజుకల్లా నాకు తెలుసు. భయపడ్డాను. క్రేన్ పోతుందని, జైలంటారని, అందరికంటే ముందు అక్క మొహం ఎలా చూడాలని భయపడ్డాను.

మార్చి 24

చెప్పాను.

భోజనం అయ్యాక బావ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. "బావా, నువ్వు వేలు చూపించలేదు" అన్నాను.

"చూపించాన్రా."

"లేదు బావా. హెల్మెట్ జారితే పైకి తోసుకున్నావు. చెయ్యి సగం లేవగానే నేనే లాగేశాను. లేని వేలు చూశానని చెప్పాను."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. బావ కళ్ళు మూసుకున్నాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు కనురెప్పల కింద గుడ్లు కదులుతున్నాయి.

"నాకు వేలే గుర్తుందిరా" అన్నాడు. "తిప్పడం గుర్తుంది. గ్లవ్ చివర చిరుగు కూడా కనిపిస్తోంది."

గుమ్మంలో అక్క. ఎప్పుడొచ్చిందో చూడలేదు. "మొదటి రెండ్రోజులూ మీరు హెల్మెట్టనే అన్నారండీ. సర్దుకున్నానంతే, సర్దుకున్నానంతే అని నాతో పదిసార్లన్నారు. వీడు చెప్పింది విచారణవాళ్ళు చదివి వినిపించాక ఆ మాటే మానేశారు."

"అన్నానా?"

"అన్నారు."

బావ నా వైపు చూశాడు. కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి.

"వీడు చూశానన్నాడు కదే" అన్నాడు అక్కతో. "పన్నెండేళ్ళు నా చెయ్యిని నాకంటే ముందు చూసినవాడు. వాడు చూశానంటే చేసే ఉంటాననుకున్నా."

అక్క నన్ను పైకి పొమ్మంది. "పోరా" అనలేదు. "వెళ్ళండి" అంది, పరాయివాళ్ళతో అన్నట్టు.

మార్చి 28

విచారణ. డాక్టరమ్మని గీతల కాగితాలు ఇచ్చేయమని నేనే ముందురోజు సంతకం పెట్టాను. లేచి నిలబడి మొత్తం చెప్పాను. భుజం సంగతి, నలభై నాలుగు లోడ్ల సంగతి, వేలు లేని సంగతి. అధికారి మూడుసార్లు అదే ప్రశ్న తిప్పి తిప్పి అడిగాడు, మూడుసార్లూ అదే చెప్పాను.

తర్వాత బావని అడిగారు. "మీరు సిగ్నల్ ఇచ్చారా?"

అక్క వెనకనుంచి పమిట పట్టుకుని వింటోంది. అవునంటే అయిపోయాడు. బావ లేచి నిలబడి, "నాకు ఇచ్చినట్టే గుర్తుందండీ" అన్నాడు.

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పడేశాడు. "ఏమయ్యా, ఆయన నువ్వు చేయలేదంటుంటే నువ్వు చేశానంటావేంటి?"

"గుర్తున్నదే చెప్తున్నానండీ. అబద్ధం ఎలా చెప్పమంటారు?"

చివరికి గీతల్నే నమ్మారు. బావ తప్పు లేదని రాశారు. నా లైసెన్సు తీసేసుకున్నారు, కేసు నా మీదికి మారింది. ఈలగాడి భార్య బయట బావ దగ్గరికి వెళ్ళి ఏదో అనబోయి, ఆయన చెయ్యి జేబులో ఉండటం చూసి ఆగిపోయింది. నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేదు.

ఏప్రిల్ 6

బావ యార్డుకి వెళ్ళడంలేదు. రమ్మని రెండుసార్లు కబురు పంపారు. కాగితం మీద తప్పు లేదని రాసి ఉంది, అక్క దాన్ని ఆయన ముందే పెట్టింది. "వాళ్ళు రాశారు సరే, నాకు కనిపించేది వేరు" అంటాడు. చెయ్యి తొడ కిందే ఉంది.

డాక్టరమ్మని అడిగాను. నా మాట వల్ల బావ తన అసలు కదలికని మరిచిపోయాడంటే, అది తిరిగి గుర్తు రావడానికి ఏం చేయాలని. "మీరు ఆ కదలిక చేస్తుంటే ఆయన చూస్తూ ఉంటే రావచ్చు. ఆయన మెదడు లోపల మీతో పాటు చేస్తుంది కదా. రాకపోవచ్చు కూడా. నేను మాట ఇవ్వలేను" అంది.

అక్కకి చెప్పాను. తలుపు సగమే తీసి విని, వెనక్కి జరిగి దారి ఇచ్చింది.

ఏప్రిల్ 7

పట్టీ లేని హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. వంగుతాను. జారుతుంది. పైకి తోసుకుంటాను. నలభైసార్లు. బావ చూస్తాడు. అంతే.

ఏప్రిల్ 11

నలభై. ఏమీ లేదు.

ఏప్రిల్ 15

నలభై.

ఏప్రిల్ 19

ఇవాళ ఇరవయ్యో సారో ఎన్నోసారో, బావ తొడ కిందనుంచి చెయ్యి బయటికి తీశాడు.

అక్క గుమ్మంలో కదలకుండా నిలబడింది. నేను నా రెండు చేతులూ మోకాళ్ళ కింద బిగించి పెట్టాను. బావ భుజం కదిలింది. మోచెయ్యి లేచింది. నా చెయ్యి గింజుకుంది, వదల్లేదు. చెయ్యి మెల్లగా పైకి వస్తోంది, చెవి దాకా వచ్చింది. ఇంకొక్క జానెడు పైకెళ్తే తల. బావ కళ్ళు నా హెల్మెట్ మీదే ఉన్నాయి. నేను దేవుణ్ణి అడగడం మానేసి చాలా ఏళ్ళైంది. ఇవాళ అడిగాను.

చెయ్యి చెవి దగ్గర ఆగింది. అరచెయ్యి తలవైపు తిరగలేదు. చూపుడువేలు మెల్లగా విచ్చుకుని, నిటారుగా నిలబడి, గుండ్రంగా తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. బావ ఆ వేలిని చూసి ఏడవడం మొదలుపెట్టాడు. "చూశావా, నేనే కదరా" అన్నాడు.

అక్క లోపలికి వెళ్ళిపోయింది.

నేను వంగి హెల్మెట్ మళ్ళీ కళ్ళ మీదికి జారనిచ్చాను.

"ఇంకోసారి చూడు బావా" అన్నాను.